మార్కులు కాదు, ముహూర్తం

మెడిసిన్ సీటుకి మార్కులు కావాలనుకోవడం అమాయకత్వం. కావలసింది ఏడాది. ఏ ఏడు రాశాడన్నదే అసలు సంగతి, ఎంత వచ్చిందన్నది తర్వాతి మాట. ఈ సూత్రం నా సొంతం కాదు. మా మేనల్లుడి మీద మూడేళ్లుగా సాగుతున్న పరిశోధనలో తేలింది. పరిశోధక బృందంలో మా అక్క, బావగారు, వాళ్ల వీధి చివర మందుల షాపాయన, నేను ఉన్నాం. మేనల్లుణ్ణి మాత్రం కలుపుకోలేదు. వాడికి చదువుకునే పనుంది.

2023లో వాడు ఇంటర్ అయి మెడిసిన్ ఎంట్రన్సు నీట్ రాస్తే 720కి 318 వచ్చాయి. మొదటిసారి రాసినదాన్ని లెక్కలో వేసుకోకూడదని బృందం తీర్మానించింది. "మొదటిసారే ఎవడికొస్తుంది?" అన్నారు బావగారు. పక్కవీధి అమ్మాయికి వచ్చింది గానీ, ఆవిడది పక్కవీధి. వాణ్ణి తీసుకెళ్లి బెజవాడలో లాంగ్ టర్మ్‌లో, అంటే మళ్లీ రాసేవాళ్ల ఏడాది కోచింగ్‌లో, వేశాం. మా వైపు 'వేశాం' అనే అంటారు. ఆవకాయ వేసినట్టే. ఊరాలి కదా.

ఊరాడు. 2024లో 512 వచ్చాయి. ఫలితాలు జూన్ 14న రావాలి, పది రోజులు ముందే 4వ తేదీ సాయంత్రం వచ్చాయి. ఆ రోజు పొద్దుటినుంచీ రాష్ట్రమంతా ఓట్ల లెక్కింపులో ఉంది. మా అక్క ఒక చేత్తో టీవీ రిమోటు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని కూర్చుంది. 512 అని చూడగానే దేవుడి గదిలోకి పరిగెత్తి దీపం పెట్టింది. వత్తి అంటుకునేలోపే మందుల షాపాయన ఫోన్ చేశాడు: "అమ్మా, ఈసారి 67 మందికి 720కి 720 అటండీ." తర్వాత, కొందరికి గ్రేస్‌గా కలిపిన మార్కులు తీసేశారు, కొందరికి మళ్లీ పరీక్ష పెట్టారు, ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నకి జవాబు సరిదిద్దారు. చివరికి ఆ 67, 17కి దిగింది. మావాడి ర్యాంకు మాత్రం సీటుకి అందేంత దగ్గరకి రాలేదు. ముందటేడు ఇవే మార్కులొస్తే వీధిలో స్వీట్లు పంచేవాళ్లం. ఆ ఏడు ఎంతొచ్చాయో చెప్పడానికి కూడా గొంతు తగ్గించాల్సి వచ్చింది.

అయితే అదే రోజు, అదే గంటలో, మా ఇంటికి ఇంకో ఫలితం కూడా వచ్చింది. బావగారికి తాడికొండ అవతల ఎకరంన్నర ఉంది. 2019 తర్వాత దాన్ని అడిగిన నాథుడు లేడు. గట్టు మీద మేకలు కూడా మొహమాటానికి మేసేవి. జూన్ 4 సాయంత్రం ఓట్లు తేలేసరికి, రాజధాని మళ్లీ లేస్తుందని బ్రోకర్లు ముగ్గురు ఫోన్ చేశారు. కొడుకు ర్యాంకు పడిపోయిన పూటే పొలం రేటు లేచింది. ఇలాంటి గ్రహస్థితి నూరేళ్లకోసారి కుదురుతుందని నా అభిప్రాయం.

నిజానికి అప్లై చెయ్యాల్సిన ఘడియ అదే. ఆ ఏడు అర్హత గీత జనరల్‌కి 162 దగ్గరే ఉంది. ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా, అదే బీ కేటగిరీ, సీటు ఏడాదికి పన్నెండు లక్షల పైమాటే, హాస్టలూ పుస్తకాలూ వేరు. పొలం అమ్మితే సరిపోతుంది. నేను ఆ మాటే అన్నాను. బావగారు నావైపు జాలిగా చూశారు. "బావా, పెరిగే పొలాన్ని ఎవడన్నా అమ్ముతాడా? వచ్చే ఏడాదికి రేటు రెట్టింపవుతుంది. వీడి మార్కులూ పెరుగుతాయి. అప్పుడు ఏది కావాలంటే అది." మార్కులకి ఆ ఏడాదే చెల్లుబాటు, వచ్చే ఏడాదికి అట్టే పెట్టుకోవడానికి అవి దస్తావేజులు కావని గుర్తుచేశాను. పొలానికి ఆ బెంగ లేదని ఆయన గుర్తుచేశారు.

మళ్లీ వేశాం.

ఆదివారం హాస్టల్ గేటు ముందు నిలబడితే తెలుస్తుంది ఈ శాస్త్రం ఎంత విస్తరించిందో. క్యారేజీలు, పచ్చడి సీసాలు, అరటిపళ్లు, చెట్టు నీడకోసం తోసుకునే తల్లిదండ్రులు. తల్లి "తింటున్నావా?" అంటుంది. తండ్రి "గ్రాండ్ టెస్ట్‌లో ఎంత?" అంటాడు. పిల్లాడు రెండింటికీ కలిపి ఒకటే తల ఊపుతాడు. ఒకసారి మావాడి బయాలజీ పుస్తకం తిరగేశాను. మొదటేడు ముఖ్యమైన వాక్యాల మీద పసుపు రంగు గీశాడు. రెండో ఏడు మిగిలినవాటి మీద ఆకుపచ్చ. మూడో ఏడు వీటి మీదే గులాబీ. ఇప్పుడా పేజీలో ముఖ్యం కానిది లేదు, వరసకీ వరసకీ మధ్య ఖాళీ తప్ప. "మావయ్యా, ఫిజియోథెరపీకి అప్లై చెయ్యనా?" అన్నాడు ఆ రోజు, పుస్తకం నా చేతిలోంచి తీసుకుంటూ. ఆ ప్రశ్నని బృందం ముందు పెట్టాను. అది సిలబస్‌లో లేదని కొట్టేశారు.

2025 మే 4న పరీక్ష. ఆ ఏడు ఫిజిక్స్ చూసి పిల్లలు హాల్లోంచి ఏడుస్తూ బయటికొచ్చారు. దేశంలో మొదటి ర్యాంకుకే 686. అర్హత గీత 144కి జారింది. మావాడికి 431. ఇక్కడే మా పరిశోధన పతాకస్థాయికి చేరింది: 512 మార్కులు గనక 2025లో వచ్చి ఉంటే పొలం అమ్మే పని లేకుండా, ర్యాంకు మీద ఇచ్చే కన్వీనర్ కోటాలోనే సీటు. అంటే పిల్లవాడి తెలివికి లోటు లేదు, తొందరపాటు ఒక్కటే లోపం. ఏడాది ఆగి రావాల్సిన మార్కులు ముందే తెచ్చేసుకున్నాడు. మా అక్క మూడు రోజులు ఏడ్చింది. 431 గురించి కాదు, వృథాగా పోయిన 512 గురించి.

మరి ఎప్పుడు అప్లై చెయ్యాలి? దీనికి ప్రభుత్వమే దారి చూపింది. జనరల్‌కి పాతికేళ్లన్న వయోపరిమితిని 2022 మార్చిలో ఎత్తేశారు. ఎన్నిసార్లైనా రాయొచ్చు. పైచదువుకి వెళ్లే డాక్టర్ల నీట్‌లో సీట్లు మిగిలిపోతున్నాయని 2023లో కటాఫ్‌ను ఏకంగా సున్నా పర్సెంటైల్‌కి దించారు. మైనస్ మార్కులొచ్చిన వాళ్లు కూడా ఆ ఏడు కౌన్సెలింగ్‌కి అర్హులయ్యారు. మనం కటాఫ్ దగ్గరికి ఎక్కడమెందుకు, కూర్చుంటే అదే దిగొస్తుందిగా అంటారు బావగారు. ఎంబీబీఎస్‌కి కూడా ఆ రోజు వస్తుందని ఆయనకి గట్టి నమ్మకం. అప్పటికి పొలం రేటు ఎంతుంటుందో కూడా లెక్క కట్టి పెట్టారు.

మందుల షాపాయనది మధ్యేమార్గం: కిర్గిజ్‌స్థాన్‌లో ఎంబీబీఎస్. విదేశానికైతే నీట్ అర్హత మూడేళ్లు చెల్లుతుంది, కాబట్టి అక్కడా కంగారు లేదు. తిరిగొచ్చాక 300కి 150 తెచ్చుకోవాలనే పరీక్ష ఒకటుంది. దానికీ లాంగ్ టర్మ్‌లున్నాయట. ఆ మాటతో బావగారి మొహం విప్పారింది.

మొన్న మళ్లీ జాయినింగ్‌కి ఫోటోలు కావాలంటే వాణ్ణి నేనే స్టూడియోకి తీసుకెళ్లాను. స్టూడియో అతను తన కంప్యూటర్లో వాడి పాత ఫోటోలు పక్కపక్కన తెరిచాడు. మొదటిదాంట్లో మీసం రాలేదు. రెండోదాంట్లో నూనూగు. మూడోదాంట్లో గడ్డం. ఈసారి తీసినదాంట్లో నుదురు కాస్త పెద్దదైంది. "తెల్ల బ్యాక్‌గ్రౌండేగా బాబూ?" అని వాడు చెప్పకుండానే పెట్టేశాడు. "ఎన్ని కొట్టమంటారు?"

"ఎనిమిది చాలన్నా," అన్నాడు మేనల్లుడు.

స్టూడియో అతను నావైపు చూశాడు. ముప్పై రెండు కొట్టమన్నాను.