నగరమే కాస్త పక్కకు జరగాలి

ఔత్సాహిక ఛాయాగ్రాహకులు ఒకరు తీసిన నగర చిత్రాలను మరొకరు పరిశీలించి, తప్పొప్పులు చెప్పుకునే పద్ధతిని కొందరు తేలిగ్గా తీసిపారేస్తుంటారు. ఇది అన్యాయం. అసలు లోపం విమర్శకులలో లేదు. వాళ్ల సూచనలను ఇంతవరకు ఏ నగరమూ పట్టించుకోకపోవడంలో ఉంది. కరెంటు స్తంభాన్ని ఎక్కడ పాతాలో నిర్ణయించిన అధికారి, అది రేపు ఫొటోలో ఎవరి నడినెత్తిన మొలిచినట్టు కనిపిస్తుందో ఒక్క క్షణమైనా ఆలోచించాడా?

ఈమధ్య నేనొక చిత్రాన్ని మా బృందం ముందుంచాను. వాన వెలిసిన సాయంత్రం, గొడుగు మూయడం మరిచిపోయిన పెద్దాయన ఒకరు రోడ్డు దాటుతున్నారు. ఆయన కాళ్ల దగ్గరి నీటిగుంటలో బస్సు హెడ్‌లైట్లు రెండూ వణుకుతున్నాయి. వాన లేకపోయినా ఆ గొడుగెందుకని ఎవరైనా అడుగుతారనుకోవడం నా అమాయకత్వం. "హొరైజన్ ఒక డిగ్రీ ఎడమకు వాలింది, చూసుకోండి" అన్నారు మా బృందంలో పెద్దవారైన గురువుగారు. ఇంకొకరు హైలైట్లు, అంటే బాగా వెలుగున్న చోట్లు, వివరం లేకుండా తెల్లగా మాడిపోయాయని బాధపడ్డారు. వేరొకరు ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత, ఎంతని అడిగి, బొమ్మ గరుకెక్కేంత ఎక్కువగా 3200 అని చెప్పగానే, అయినవాళ్లెవరో పోయిన కబురు విన్నట్టు మౌనం దాల్చారు.

పెద్దాయన ఫ్రేమ్‌కు నట్టనడుమ ఉన్నారని, ఫ్రేమ్‌ను మూడు సమభాగాలు చేసే గీత మీదికి జరిగి ఉండవలసిందని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. ఆ సూత్రాన్ని 1797లో జాన్ థామస్ స్మిత్ అనే చిత్రకారుడు పల్లె దృశ్యాల గురించి రాస్తూ చెప్పాడు; అప్పటికి లోకంలో ఫొటో అన్నదే లేదు. అయితేనేం, రోడ్డు దాటేవాళ్లకు ఆ మాత్రం కళాస్పృహ ఉండొద్దా?

మా కొలబద్దకు మహానుభావులూ అతీతులు కారు. 1838లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన డాగేర్ పారిస్ వీధిని తీసినప్పుడు ఎక్స్‌పోజర్‌కు, అంటే ఫలకం మీద వెలుతురు పడనివ్వడానికి, నిమిషాల తరబడి పట్టడంతో, కదిలే బండ్లూ జనమూ మాయమై, కదలకుండా నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి మాత్రం మిగిలాడు. మావాళ్లయితే "సబ్జెక్ట్ మరీ చిన్నది, ఈసారి దగ్గరికెళ్లి తీయండి" అనేవారు. 1932లో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు కార్టియే బ్రెసాన్ కంచె సందులోంచి తీసిన, నీళ్ల మీదుగా దూకుతున్న మనిషి కూడా మసకగానే ఉన్నాడు. "షట్టర్ స్పీడ్ పెంచాల్సింది అన్నా" అని చెప్పేవాళ్లు ఆయనకు దొరకలేదు, పాపం.

ఇక మెచ్చుకోళ్ల సంగతి. మాలో "అద్భుతం" అన్న మాట చేబదులు లాంటిది. మంగళవారం ఒకరి మేడమెట్ల చిత్రానికి నేనిచ్చినది, గురువారానికి "మహాద్భుతం"గా వడ్డీతో సహా తిరిగొచ్చింది. మేడమెట్లు చూశానా అని మాత్రం అడక్కండి.

గురువుల మాట జవదాటడం నాకు చేతకాదు. స్తంభాన్ని చెరిపేశాను, బస్సును క్రాప్ చేశాను, నీటిగుంట చూపును పక్కకు లాగుతోందంటే దాన్నీ తీసేశాను, రంగులు దండగంటే నలుపు తెలుపు చేశాను. చివరికి గొడుగు పిడీ, దాన్ని పట్టుకున్న చెయ్యీ మిగిలాయి. ఈసారి ప్రశంసలే ప్రశంసలు. గురువుగారు మాత్రం ఆ పిడి ఒక డిగ్రీ ఎడమకు వాలిందన్నారు.