గొట్టం చివర ఏం జరుగుతుందో ఎవరికి ఎరుక?

అమెరికాలో ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ అని ఒకటుంది. ఫెర్క్ అని పొట్టిపేరు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి గ్యాస్ పైపులైను వెయ్యాలంటే 1938 నాటి సహజవాయు చట్టం కింద ఈ కమిషనే సర్టిఫికెట్ ఇవ్వాలి. పైన ఐదుగురు సభ్యులు, కింద ఇంజినీర్లు, జీవశాస్త్రవేత్తలు, లాయర్లు. ఇంతమంది పెద్దమనుషుల మీద పర్యావరణవాదులు ఏళ్ల తరబడి ఒకటే నింద మోపుతున్నారు. గొట్టంలో పోయే గ్యాస్ అవతలికెళ్లి మండుతుంది కదా, ఆ పొగ లెక్క మీ పర్యావరణ నివేదికలో ఏదీ అని. చూస్తూ ఊరుకోవడం న్యాయం కాదు గనక కమిషన్ తరఫున నాలుగు మాటలు చెబుతాను.

వాళ్లకు శ్రద్ధ లేదనకండి. ఏదైనా ఒక నివేదిక తిరగేసి చూడండి. కందకం తవ్వేటప్పుడు లేచే దుమ్మును నీళ్లు చల్లి ఎలా అణచాలో ఉంటుంది. పనిలో ఉన్న బుల్‌డోజర్లు తాగే డీజిల్ ఎంత పొగ వదులుతుందో ఉంటుంది. ఫ్లోరిడా అయితే గోఫర్ తాబేళ్ల సంగతి వస్తుంది. ఇసుక నేలలో బొరియలు తవ్వుకుని బతికే జీవాలవి, దారికి అడ్డం వచ్చినవాటిని జాగ్రత్తగా వేరే చోటికి తరలించాలి. ఇక గ్యాస్‌ను గొట్టంలో ముందుకు నెట్టే కంప్రెసర్ స్టేషన్ చప్పుడు. దగ్గర్లో ఉన్న ఇంటి దగ్గర రాత్రీ పగలూ కలిపి సగటున 55 డెసిబెళ్లు దాటకూడదు. ఆ సగటు కట్టేటప్పుడు రాత్రి చప్పుడుకు 10 డెసిబెళ్లు అదనంగా వేస్తారు, రాత్రిపూట జనం పడుకుంటారని. ఆ 10 డెసిబెళ్లంటే నాకు నిజంగానే గౌరవం. ముక్కూమొహం తెలియని ఎవరి నిద్ర గురించో ఇంతలా ఆలోచించేవాళ్లు, పొగ దగ్గరికొచ్చేసరికి కలం మూసేశారంటే బలమైన కారణం ఉండే ఉంటుంది.

ఉంది. గ్యాస్ మండుతుందని ముందే ఎలా చెప్పగలం?

నవ్వకండి. సేబల్ ట్రెయిల్ పైపులైనునే తీసుకోండి. అలబామాలో మొదలై జార్జియా మీదుగా ఫ్లోరిడా చేరుతుంది, దాదాపు 500 మైళ్లు. దాంతో ముడిపడిన మరో రెండు లైన్లు కూడా కలిపి 2016 ఫిబ్రవరిలో ఫెర్క్ అనుమతిచ్చింది. రోజుకు వంద కోట్ల ఘనపుటడుగుల పైచిలుకు గ్యాస్ పోయే ఏర్పాటు. గొట్టంలో చోటు దాదాపు అంతా ముందే మాట్లాడుకున్నది రెండు సంస్థలు, ఫ్లోరిడా పవర్ అండ్ లైట్, డ్యూక్ ఎనర్జీ. రెండూ కరెంటు కంపెనీలే. కరెంటు కంపెనీ గ్యాస్ కొంటే మండించడానికే అని మీలాంటి, నాలాంటి తొందరపాటు మనుషులు అనేసుకుంటారు. కమిషన్ అలా నోరుజారదు. కొన్నాక వాళ్ల మనసు మారొచ్చు. ఏ ధ్యానానికో వాడుకోవచ్చు.

ఈ సూక్ష్మం డి.సి. సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు అర్థం కాలేదు. 2017 ఆగస్టులో ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు కమిషన్‌కు వ్యతిరేకంగా తేల్చారు. ఆ గ్యాస్ ఆ ప్లాంట్లలో మండుతుందన్నది ఊహకు అందే విషయమే కాదు, ప్రాజెక్టు పెట్టిందే అందుకు అని తీర్పు రాసిన జడ్జి థామస్ గ్రిఫిత్ అన్నారు. పొగ ఎంతో అంచనా కట్టండి, కట్టలేకపోతే ఎందుకు కట్టలేమో చెప్పండి అని ఆదేశం. అప్పటికే గొట్టంలో గ్యాస్ పారుతోంది. అనుమతి కొట్టేశారన్న మాటే గానీ, కొత్త అనుమతి వచ్చేదాకా ఒక్క రోజు కూడా ఆగింది లేదు.

నిజానికి లెక్క కష్టమేమీ కాదు. 16 గ్రాముల మీథేన్ మండితే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని మన ఇంటర్ పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. రోజుకు వంద కోట్ల ఘనపుటడుగుల చొప్పున ఏడాదంతా మండిస్తే రమారమి 2 కోట్ల టన్నులు. కమిషన్ వాళ్లూ కూచుని కట్టారు. 2018 మార్చిలో మళ్లీ సర్టిఫికెట్ ఇస్తూ అంకె బయటపెట్టారు. ఆ ప్రాజెక్టు వల్ల ఫ్లోరిడా రాష్ట్రం మొత్తం ఉద్గారాలు 3.6 శాతం నుంచి 9.9 శాతం దాకా పెరగవచ్చు. పాత బొగ్గు ప్లాంట్లు మూతపడతాయని వాటి పొగ తీసేస్తే చిన్న అంకె, తీయకపోతే పెద్దది. బొగ్గు వాదనను నేను కొట్టిపారెయ్యను. బొగ్గు కంటే గ్యాస్ పొగ తక్కువే. కానీ ఆ మినహాయింపు అంతా ఇచ్చాక కూడా అంకె పైకే చూస్తోంది.

సరే, ఒక్క ప్రాజెక్టు వల్ల రాష్ట్రం పొగ పదోవంతు దాకా పెరుగుతుందంటే అది ఎక్కువా, తక్కువా? ఇక్కడే కమిషన్ గొప్పతనం చూడాలి. ఎక్కువో తక్కువో తేల్చే శాస్త్రీయ పద్ధతి మా దగ్గర లేదు అంది. టన్ను కార్బన్‌కు సమాజానికి ఎంత నష్టమో డాలర్లలో కట్టే పద్ధతి ప్రభుత్వంలోనే ఉంది కదా అంటే, భవిష్యత్తు నష్టాన్ని ఏ వడ్డీ రేటుతో తగ్గించాలన్న దానిమీద ఏకాభిప్రాయం లేదు, అదీ పనికిరాదు అంది. ఇంకా చాలకపోతే హారం పెంచుకోవచ్చు. ఫ్లోరిడాతో భాగిస్తే కళ్లు తిరిగే అంకె, అమెరికా మొత్తంతో భాగిస్తే ఒక శాతంలోపు. భూగోళంతో భాగించారంటే ఆ అంకె తాబేలు డిప్ప కింద దాక్కుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. పైపులైను వెయ్యాలంటే అది జనానికి అవసరమని కంపెనీ నిరూపించాలి. ఎలా నిరూపిస్తుంది? ముందస్తు ఒప్పందాలు చూపిస్తుంది. ఫలానా సంస్థ మా గొట్టంలో ఇంత చోటు ఇన్నేళ్లకు మాట్లాడుకుందండీ, కాగితాలివిగో అంటుంది. సేబల్ ట్రెయిల్‌లో అవి పాతికేళ్ల ఒప్పందాలు. కమిషన్ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ఆహా, ఎంత స్పష్టమైన అవసరం, పాతికేళ్ల గిరాకీ కళ్లకు కట్టినట్టుంది అని సంతకం పెడుతుంది. అదే ఫైలులో పది పేజీలు తిప్పి పొగ అధ్యాయానికి వస్తే, ఈ గ్యాస్ ఎవరు వాడతారో, దేనికి వాడతారో, అసలు వాడతారో లేదో, భవిష్యత్తు ఎవరు చూశారు అంటుంది. బ్యాంకులో అప్పుకు జీతం స్లిప్పు చూపించినవాడే ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసులో నాకు ఉద్యోగమే లేదన్నట్టు ఉంటుంది వ్యవహారం. కాకపోతే ఇక్కడ బ్యాంకూ ఆఫీసూ రెండూ ఒకటే, కుర్చీలో ఉన్న మనిషీ ఒక్కడే.

కోర్టు అక్షింతలు పడ్డాక కమిషన్ ఇంకా జాగ్రత్తపడింది. గ్యాస్ ఫలానా ప్లాంటుకని తెలిస్తే తప్ప లెక్క కట్టేది లేదని 2018 మేలో ముగ్గురు, ఇద్దరి తేడాతో తీర్మానించింది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు షెరిల్ లఫ్లూర్. ఆవిడ ఆ లెక్కలేవో తనే కట్టి తన అభిప్రాయంలో రాసిపెట్టడం మొదలెట్టారు. చూశారా, ఆఫీసులో ఇలాంటివాళ్లు ఒక్కరుంటే చాలు, అందరి పరువూ తీస్తారు. మరుసటి ఏడాది టెన్నెసీ గ్యాస్ కేసులో, గ్యాస్ ఎటు పోతుందో కంపెనీని ఒక్క మాటైనా అడగకుండా తెలియదంటే ఎలా అని అదే కోర్టు గొణిగింది. కానీ అడగలేదన్న అభ్యంతరాన్ని పిటిషనర్లు కమిషన్ ముందు సరిగ్గా లేవనెత్తలేదు గనక కేసు కొట్టేసింది. అడగాల్సినవాళ్లు అడగలేదని అరవాల్సినవాళ్లు వేళకు అరవలేదు, అంచేత అందరూ నిర్దోషులే.

2021 మార్చిలో ఒక అద్భుతం జరిగింది. ఏ పద్ధతీ లేదన్న కమిషన్‌కు ఉన్నట్టుండి చూపొచ్చింది. నార్దర్న్ నేచురల్ గ్యాస్ ప్రాజెక్టులో మొట్టమొదటిసారి పొగ ప్రాముఖ్యాన్ని తూచి తీర్పు చెప్పింది. ఏమని? చెప్పుకోదగ్గది కాదని. 2022 ఫిబ్రవరిలో ఇంకో అడుగు వేసి, ఏడాదికి లక్ష టన్నులు దాటితే చెప్పుకోదగ్గదే అనుకుందాం అని గీత గీసింది. మార్చి మొదట్లో సెనేట్ ఇంధన కమిటీ ఐదుగురినీ పిలిపించి కూచోబెట్టింది. మార్చి ఆఖరుకల్లా ఆ విధానం చిత్తుప్రతిగా మారిపోయింది. ఆ చిత్తుప్రతి మూడేళ్లపాటు బల్ల మీద పడుకుని, 2025 జనవరిలో రద్దయింది. రాత్రి 10 డెసిబెళ్లు తగ్గించి చూసుకున్నారు కాబోలు, నిద్రకు మాత్రం భంగం కలగలేదు.

2025 మేలో సుప్రీంకోర్టు అందరికీ విశ్రాంతినిచ్చింది. కేసు పైపులైనుది కాదు, యూటాలో 88 మైళ్ల రైలుమార్గానిది. మైనంలాంటి ముడిచమురును బయటికి తేవడానికి తలపెట్టింది. పర్యావరణ నివేదిక 3,600 పేజీలు దాటింది. అయినా ఆ రైలు ఎక్కిన చమురు ఎక్కడో శుద్ధి అయితే వచ్చే కాలుష్యం చాలినంత చూడలేదని కింది కోర్టు తప్పుపట్టింది. అదంతా రైలుమార్గం వాళ్ల పని కాదు, వేరే ప్రాజెక్టుల పాపం వేరేవాళ్లది, సంస్థల విచక్షణకు కోర్టులు విలువివ్వాలి అని ఐదుగురు జడ్జిలు చెప్పారు, కారణాలు వేరైనా మిగతా ముగ్గురూ ఆ ఫలితానికే ఓటేశారు. తీర్పు రాసిన బ్రెట్ కవనా నివేదికల లావు గురించి కూడా వాపోయారు. ఆ మాట సబబే, 3,600 పేజీలు ఎవరు చదువుతారు? 2023లోనే కాంగ్రెస్ నివేదికలకు 150 పేజీల హద్దు పెట్టింది, మరీ చిక్కువాటికి 300. అదే చట్టంలో వెస్ట్ వర్జీనియా నుంచి వెళ్లే మౌంటెన్ వ్యాలీ పైపులైనుకు కావలసిన అనుమతులన్నీ ఇచ్చెయ్యమని శాసించి, వాటిమీద కోర్టుకెళ్లే దారి కూడా మూసింది. చదవాల్సిన పేజీలు సున్నా. పొదుపంటే అదీ.

మనకేమిటి సంబంధం అంటారా? లూసియానాలో సేబీన్ పాస్ అని గ్యాస్‌ను ద్రవంగా మార్చి ఓడలకెక్కించే టెర్మినల్ ఉంది. దాని విస్తరణ మీద కేసు నడిస్తే 2016లో అదే డి.సి. కోర్టు ఫెర్క్‌ను వదిలేసింది. ఎగుమతికి అనుమతిచ్చేది ఇంధన శాఖ, కాబట్టి ఎగుమతైన గ్యాస్ గొడవ ఫెర్క్‌ది కాదని. ఆ టెర్మినల్ నుంచి ఏటా 35 లక్షల టన్నుల చొప్పున 20 ఏళ్లు కొనడానికి మన గెయిల్ ఒప్పందం చేసుకుంది. 2018 మార్చి ఆఖర్లో మొదటి ఓడ మహారాష్ట్రలోని దాభోల్ చేరింది. మనం వాళ్లలా కోర్టుల చుట్టూ తిరిగే రకం కాదు. 2006 నోటిఫికేషన్ ప్రకారం, అభయారణ్యాల్లాంటి సున్నిత ప్రాంతాల గుండా పోతే తప్ప గ్యాస్ పైపులైనుకు ముందస్తు పర్యావరణ అనుమతే అక్కర్లేదు. అలా ఆ గ్యాస్ అక్కడా ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఇక్కడా ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా గొట్టాల్లో కలిసింది. ఎరువుల ఫ్యాక్టరీలకో, కరెంటు ప్లాంట్లకో, ఎవరి వంటింటి బర్నరుకో చేరింది.

చిన్న చిక్కు ఒకటి మిగిలింది. ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ఇంధనం ఏ దేశంలో మండితే ఆ పొగ ఆ దేశం ఖాతాలో రాసుకోవాలి. కాబట్టి లూసియానాలో ఊహకే అందని పొగను ఢిల్లీలో మన పర్యావరణ శాఖవాళ్లు పద్దుల్లో ఎక్కించి పైకి పంపిస్తారు. అది మండుతుందని ఎలా చెప్పగలమని అక్కడ అంటే కుదరదు, మండిపోయింది.