వాచ్ బీపీ చూస్తదట!

దసరా ఆఫర్లు మొదలైతే చాలు, మా చుట్టాల్లో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. "తమ్మీ, రెండు వేలల్ల మంచి స్మార్ట్‌వాచ్ ఏదుంది?" ఎందుకు కొంటున్నారు అని అడిగితే జవాబు దాదాపు ఒకటే: "హెల్త్ కోసం". నాకు మండేది ఆ మాట దగ్గరే. రోజువారీ వాడకానికి స్మార్ట్‌వాచ్ దండగ అని నేను అనను. కొందరికి అది నిజంగా అక్కరకొస్తుంది, వాళ్ల సంగతీ చెప్తాను. కానీ ఆరోగ్యం పేరు చెప్పి రెండు వేల వాచ్ కొనేవాళ్లకు అది చేసే మేలు తక్కువ. పైగా లేనిపోని ధీమా ఒకటి అంటగడుతుంది.

వరంగల్ పక్కన హసన్‌పర్తిలో ఉండే మా పెద్దబాపుకు కొడుకు హైదరాబాద్ నుంచి వస్తూ ఒక వాచ్ తెచ్చాడు. డబ్బా మీద గుండె బొమ్మ, ఆక్సిజన్, బీపీ, షుగర్, నిద్ర, టెన్షన్, అన్నీ ఉన్నాయి. స్కానింగ్ సెంటర్ ఒక్కటే తక్కువ. నేను వెళ్లేసరికి పెద్దబాపు అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ చేయి చాపి చూపిస్తున్నాడు. బటన్ నొక్కాడు, కాసేపు ఏదో తిరిగింది, 121/79 అని వచ్చింది. "చూసినవా, నార్మలే" అన్నాడు. ఆ తర్వాత మెల్లగా అసలు మాట బయటపెట్టాడు: "నార్మలే ఉంటున్నది గదా అని గోలీ దినం తప్పి దినం ఏసుకుంటున్న."

పక్కింటి సార్ దగ్గర చేతికి పట్టీ కట్టి గాలి కొట్టే మిషన్ ఉంటే అడిగి తెచ్చాను. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి చూస్తే 164/98. మళ్లీ చూశాం, పెద్దగా తేడా లేదు. వాచ్ మాత్రం 118/78 దగ్గరే ఉంది. పెద్దమ్మ చేతికి పెడితే ఆమెకూ అటూ ఇటుగా అంతే. నాకు అనుమానం వచ్చి వంటింట్లో ఉన్న సొరకాయకు పట్టీ బిగించి బటన్ నొక్కాను. దానికీ గుండె కొట్టుకుంది, నిమిషానికి 76 సార్లు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "దాని బీపీ గూడ చూడరాదురా, కూరొండే ముందు" అంది.

సొరకాయకు నాడి ఎందుకొచ్చిందంటే, వాచ్ కింద పచ్చగా మెరిసే లైటు ఉంటుంది కదా, అది చర్మంలోకి వెలుగు పంపి, తిరిగొచ్చిన వెలుగును కొలుస్తుంది. రక్తం పచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టు దగ్గర రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగొచ్చే వెలుగూ అలాగే మారుతుంది. ఆ మార్పులను లెక్కపెట్టి నాడి చెప్తుంది. మంచి కంపెనీ వాచ్ అయితే, మనిషి కదలకుండా కూర్చుంటే, ఈ లెక్క బాగానే ఉంటుంది. నాసిరకం వాచ్‌కు ఎదురుగా ఉన్నది చేయా, కాయా అన్న తేడా తెలియదు. వెలుగు కాస్త అటూ ఇటూ ఊగితే ఏదో ఒక అంకె వేసేస్తుంది.

బీపీ సంగతి పూర్తిగా వేరు. మిషన్ దండకు పట్టీ చుట్టి, గాలితో రక్తనాళాన్ని నొక్కిపట్టి, మెల్లగా వదులుతూ కొలుస్తుంది. ఉత్త లైటు వేసే వాచ్ దేన్నీ నొక్కదు. నాడి తీరు చూసి ఊహిస్తుంది, అంతే. శాంసంగ్ ఖరీదైన వాచ్‌లలో కూడా ముందు మామూలు బీపీ మిషన్‌తో సరిచూసుకోవాలి, ప్రతి 28 రోజులకోసారి మళ్లీ సరిచూసుకోవాలి. అంటే మిషన్ ఇంట్లో ఎలాగూ ఉండాల్సిందే. పట్టీలోనే గాలి నిండే వాచ్‌లు ఒకటీ రెండూ ఉన్నాయి కానీ వాటి ధర వినగానే మన బీపీ పెరుగుతుంది. రెండు వేల వాచ్ మాత్రం యాప్‌లో వయసు, ఎత్తు, బరువు నింపమంటుంది. తర్వాత తెర మీద వచ్చే అంకెలో మన రక్తనాళం పాలెంతో, ఆ నింపిన ఫారం పాలెంతో ఎవరికెరుక?

షుగర్ చూపించే వాచ్ అయితే ఇంకా అన్యాయం. చర్మానికి సూది తగలకుండా షుగర్ కొలిచే ఏ వాచ్‌కూ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, అమెరికాలో మందులను, వైద్య పరికరాలను ఓకే చేసే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో జనాన్ని హెచ్చరించింది. కొందరు డాక్టర్లు దండకు అంటించే బిళ్ల పెడుతున్నారు, అది నిజమైనదే. దాని కింద వెంట్రుకలాంటి తీగ చర్మంలోకి దిగి ఉంటుంది. దాని అంకె వాచ్‌లో కనిపించినా, కొలిచేది ఆ బిళ్లే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు వాచ్ వేసిన అంకె చూసి మోతాదు మారిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ రెండు వేలతో మంచి బీపీ మిషన్ వస్తుంది. ఇంకొంచెం వేసుకుంటే గ్లూకోమీటర్ కూడా.

అడుగుల లెక్క కూడా చూద్దాం. వాచ్ చూసేది చేతి ఊపును. మొన్న బతుకమ్మకు మా వదిన రెండు చేతులా బతుకమ్మను పట్టుకుని ఇంటి నుంచి భద్రకాళి గుడి దాకా నడిస్తే అడుగులు సరిగా ఎక్కలేదు. అక్కడ నిలబడి చప్పట్లు కొడుతూ తిరిగితే మాత్రం గిర్రున పెరిగాయి. గుంతల రోడ్డు మీద బండి నడిపినా కొన్ని అడుగులు జమవుతాయి. రోజుకు 10,000 అడుగులు అన్న లెక్కను కూడా ఏ డాక్టరూ పరిశోధించి పెట్టలేదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్ముకోవడానికి వాడిన అంకె అది, అప్పటి నుంచి మనందరి మెడకు చుట్టుకుంది. అయినా ఆ అంకె చూసి ఎవరైనా లేచి వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఒక చుట్టు నడిచొస్తే నాకేం అభ్యంతరం లేదు. నిన్నటికంటే ఇవాళ ఎక్కువ నడిచామా అన్నది తెలుసుకోవడానికి ఆ మాత్రం లెక్క సరిపోతుంది. దానికి వెయ్యి పదిహేను వందల బ్యాండ్ చాలు.

"మరి యాపిల్ వాచ్?" అంటారు. దాన్ని ఈ గాటన కట్టను. ఈసీజీ ఉన్న మోడల్ అయితే, పక్కనున్న గుండ్రటి బటన్ మీద వేలు పెడితే 30 సెకన్లలో ఈసీజీ తీస్తుంది, గుండె లయ తప్పితే చెప్తుంది. దాని మీద అమెరికాలో 4 లక్షలకు పైగా మందితో స్టాన్‌ఫర్డ్ వాళ్లు అధ్యయనం చేసి 2019లో ప్రచురించారు. అందులో లయ తేడాగా ఉందని కబురు వచ్చింది దాదాపు రెండు వందల మందిలో ఒకరికి, అంటే 0.5 శాతానికి. గుండె దడ వచ్చిపోతూ, ఆస్పత్రికి వెళ్లేసరికి మాయమయ్యేవాళ్లకు ఆ రికార్డు డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది. గుండెపోటును మాత్రం అది పట్టుకోలేదు, కంపెనీయే ఆ మాట చెప్తుంది. ఛాతీ పట్టేసినప్పుడు వాచ్ నార్మల్ అంది కదా అని ఇంట్లో కూర్చోవద్దు. 108కు ఫోన్ చేయండి.

అన్నట్టు, ఆ వాచ్ 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని కంపెనీ రాసింది. మే నెలలో మన వరంగల్ సంగతి వాళ్లకెవరు చెప్పాలి? రామగుండం వాళ్లయితే ఉగాది దాటాక బీరువాలో పెట్టుకోవాలి.

ఇక ఎవరికి పనికొస్తుందో చెప్తానన్నాను కదా. మా దోస్తు ఒకడు ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో గుమాస్తా. సీజన్‌లో పొద్దంతా తేజ, చపాటా రకాల మిర్చి బస్తాల మధ్యనే ఉంటాడు. చేతులు మిర్చి ఘాటుతో మండుతుంటాయి, అదే చేతితో ఫోన్ పట్టుకుని చెవికి ఆనిస్తే ఇక ఆ పూట అయిపోయినట్టే. కాంటాల దగ్గర అరుపుల్లో రింగు వినపడదు. వాచ్ వణికితే తెలుస్తుంది. ఎవరు చేశారో చూసి, రైతు అయితే వేలి కణుపుతో నొక్కి అక్కడే మాట్లాడతాడు, లోన్ ఇస్తామనే వాళ్లయితే వదిలేస్తాడు. ఆయన చేతికున్నది బ్లూటూత్ కాలింగ్ ఉన్న మామూలు చవక వాచ్. అందులో బీపీ కూడా ఉంది, ఒక్కసారీ నొక్కలేదు. అలాగే కాజీపేటలో రైల్వే డ్యూటీకి తెల్లవారుజామున లేచే మా బావకు వణికే అలారం కావాలి. పసిపాప లేవకుండా తనొక్కడే లేస్తాడు. వీళ్లిద్దరికీ పైసలు ఎప్పుడో గిట్టాయి.

కానీ కొనేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇది చెడిపోతే చేసేవాడు లేడు. హన్మకొండ చౌరస్తాలో ముప్పై ఏళ్లుగా హెచ్ఎంటీలు బాగుచేసిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, "ఇది వాచ్ గాదు సారూ, ఫోన్" అంటాడు. ఫోన్ షాపుకు పోతే "దీనికి డిస్‌ప్లే రాదన్నా" అంటారు. ఛార్జింగ్ కేబుల్ పోతే మరీ గోస. ఆ రెండు పిన్నుల మాగ్నెట్ కేబుల్ మోడల్ మోడల్‌కూ మారుతుంది, మీ మోడల్ వచ్చే ఏడాదికి మార్కెట్లోనే ఉండదు. ఐపీ68 అని ఉంది కదా అని స్నానానికి పెట్టుకుని వెళ్లకండి. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో, సబ్బు నీళ్లలో, వేడినీళ్లలో కాదు.

చివరగా కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే దేహదారుఢ్య పరీక్షలకు, ప్రాక్టీస్ చేసే పిల్లల గురించి. నన్ను ఎక్కువగా అడిగేది వీళ్లే. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. చవక వాచ్‌లలో ఎక్కువ వాటికి జీపీఎస్ ఉండదు. ఫోన్ జేబులో ఉంటే దాని జీపీఎస్ వాడుకుంటాయి, లేకపోతే అడుగులను ఒక అంచనా పొడవుతో గుణించి దూరం చెప్తాయి. మా మేనల్లుడు జేఎన్ స్టేడియం ట్రాక్ మీద నాలుగు రౌండ్లు ఉరికొచ్చి, "మామా, 1,840 మీటర్లు చూపిస్తుంది, నేను ఎక్కువనే ఉరుకుతున్న" అన్నాడు. ట్రాక్ 400 మీటర్లు, నాలుగు రౌండ్లకు 1600. వాడికి కావాల్సింది టైమే కాబట్టి మామూలు స్టాప్‌వాచ్ కొనిచ్చాను. ఆ స్మార్ట్‌వాచ్ ఇప్పుడు వాళ్ల చెల్లె పెట్టుకుంటోంది. డయల్ మీద తన ఫొటో పెట్టుకుంది, డ్రెస్సుకో పట్టీ మారుస్తోంది. ఇప్పటిదాకా ఆ అమ్మాయి నుంచి ఒక్క కంప్లెయింట్ కూడా రాలేదు.