పుట్టినరోజుతో తెగిపోయే ఆసరా

ఇంటర్ ఫలితాలు వచ్చి దోస్త్ (తెలంగాణ ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాలు), ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌ల హడావిడి మొదలయ్యే రోజుల్లోనే, దిక్కులేని పిల్లల కోసం ప్రభుత్వం నడిపే బాలసదనాల్లో పెరిగినవారు పద్దెనిమిదేళ్లు నిండి గేటు దాటాల్సి వస్తోంది. ర్యాంకు తెచ్చుకున్నా, సీటు వచ్చినా హాస్టల్ అడ్వాన్సు కట్టే దిక్కుండదు. దరఖాస్తులో సంరక్షకుడి గడి నింపేవాళ్లుండరు. నిన్నటిదాకా ఆ సంరక్షకుడు ప్రభుత్వమే. బిడ్డ డిగ్రీలో చేరే వేళ పుట్టినతేదీ చూసి ఇంట్లోంచి పంపేసే తండ్రిని ఊరు క్షమించదు. మన ప్రభుత్వాలు చేస్తున్నది అదే.

చట్టంలోనే లొసుగుంది. బాలల న్యాయ చట్టం-2015లోని 46వ సెక్షన్, సంరక్షణ సంస్థ నుంచి బయటికి వెళ్లే పిల్లలకు ఆర్థిక సాయం చేయడానికి వీలు కల్పించింది గానీ దాన్ని హక్కుగా ఇవ్వలేదు. ఈ అనంతర సంరక్షణకు చట్టం పెట్టిన గడువు 21 ఏళ్లు. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా నిబంధనల్లో 25వది, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించవచ్చంటుంది. పద్దెనిమిదికి ఇంటర్ ముగించిన విద్యార్థి బీటెక్ పూర్తిచేసేది 22కి, ఎంబీబీఎస్ అయితే 23 దాటాక. రైల్వే ప్లాట్‌ఫాం మీదో ఇటుక బట్టీలోనో దొరికి, ఆలస్యంగా బడిలో చేరిన పిల్లలకు 21 వచ్చేసరికి డిగ్రీ రెండో ఏడాది కూడా గడవకపోవచ్చు. కోర్సు ఎప్పుడు ముగుస్తుందో చూడకుండా పుట్టినతేదీ పట్టుకుని సాయం ఆపడం ఏ లెక్కన సంరక్షణ?

ఇంతకంటే అన్యాయం ఫోస్టర్ కేర్ పిల్లలది. 44వ సెక్షన్ కింద వీరిని పెంపకానికి కుటుంబాలకు అప్పగిస్తారు. సంస్థకన్నా ఇల్లే మేలని చెప్పి పంపేది ప్రభుత్వమే. తీరా అనంతర సంరక్షణ దగ్గరికి వచ్చేసరికి, చట్టం మాట్లాడేది సంస్థల నుంచి వెళ్లేవారి గురించే. పెంపక కుటుంబానికి ఇచ్చే నెలసరి మొత్తం పద్దెనిమిదితో ఆగుతుంది. ఆ తర్వాత కాలేజీ ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు ఆ సెక్షన్‌లో జవాబే లేదు.

ఇక ఇచ్చే డబ్బు. కేంద్ర బాలల పరిరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు, అంటే ఏడాదికి 48,000. దానికి ముందున్న సమగ్ర బాలల పరిరక్షణ పథకం (ఐసీపీఎస్)లోని 2,000తో పోలిస్తే ఇది పెరిగిన మాట నిజమే. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హాస్టల్ మంచం, మెస్ ఖర్చు కట్టాక పుస్తకాలకూ బస్ పాస్‌కూ పరీక్ష ఫీజుకూ ఏం మిగులుతుంది? పైగా దీనిలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. ఏ ఒక్కరి విడత ఆలస్యమైనా హాస్టల్ యజమాని ముందు తలవంచుకోవాల్సింది ఆ విద్యార్థే.

ఆ నాలుగు వేలైనా చేతికి రావాలంటే ముందు కాగితం కదలాలి. పిల్లలు బయటికి వెళ్లడానికి రెండు నెలల ముందే ప్రొబేషన్ అధికారో కేస్ వర్కరో అనంతర ప్రణాళిక రాసి బాలల సంక్షేమ కమిటీకి ఇవ్వాలన్నది నిబంధన. రెండు నెలలు ఏ మూలకూ చాలవు. కోర్సు ఎంపిక, ప్రవేశ పరీక్ష, ధ్రువపత్రాలు పదహారో ఏటి నుంచే మొదలవ్వాల్సిన పనులు. చాలాచోట్ల ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ సంస్థ ఉద్యోగిది. ఆయన బదిలీ అయితే ఓటీపీ ఆయనతోనే పోతుంది, ఓటీపీ లేక దోస్త్ రిజిస్ట్రేషన్ నిలిచిపోతుంది. మైనర్ ఖాతాకు మేజర్ కాగానే కొత్తగా సంతకం, కేవైసీ ఇవ్వాలి. అవి జరిగేదాకా ఖాతా స్తంభించి, జమ కావాల్సిన సొమ్ము వెనక్కి పోతుంది. చిరునామా ధ్రువీకరణ అడిగితే ఖాళీచేసిన బాలసదనం చిరునామా తప్ప మరోటి ఉండదు. ఇవన్నీ గేటు దాటకముందు సూపరింటెండెంట్ ఒక్క వారంలో సరిచేయించగల పనులు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అనేవారు ఒకసారి ఆ దరఖాస్తు చూడాలి. ఆదాయ ధ్రువపత్రం కావాలి, కుల ధ్రువపత్రం కావాలి. తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డకు తహసీల్దార్ ఎవరి ఆదాయం రాసివ్వాలి? అనాథలను బీసీ-ఏ జాబితాలో చేర్చారు, మంచిదే. అయితే పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఉండాలనీ, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన సంస్థలో చేరి ఉండాలనీ షరతు పెట్టారు. పదకొండో ఏట అనాథ అయితే ఆ వర్గంలోకి రారు. బ్యాంకు విద్యారుణానికి వెళ్తే, నాలుగు లక్షల దాకా హామీ ఆస్తి అక్కర్లేదంటారు, వెంటనే తల్లినో తండ్రినో సహరుణగ్రహీతగా తీసుకురమ్మంటారు. ప్రతి కౌంటర్‌లోనూ అదే అడుగుతున్నారు. సంరక్షకుడైన ప్రభుత్వమే సంరక్షకుడి సంతకం తెమ్మని ఆ పిల్లలను తిప్పుతోంది.

డబ్బు లేదన్న మాట నమ్మలేం. కోవిడ్‌తో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు 2021లో పీఎం కేర్స్ పథకం తెచ్చారు. పద్దెనిమిది నిండేనాటికి పది లక్షల నిధి, దానిపై 23 ఏళ్ల దాకా నెలనెలా భృతి, ఆ తర్వాత మొత్తం చేతికి. విద్యారుణంపై వడ్డీ కూడా ఆ నిధే భరిస్తుంది. ఇది సరైన పని, ఆ పిల్లలకు దక్కాల్సిందే. కానీ అదే వారంలో లారీ గుద్ది చనిపోయిన దంపతుల బిడ్డకు ఆ పథకం వర్తించదు. నాలుగు వేలే గతి, అదీ మంజూరైతే. తల్లిదండ్రులు ఏ కారణంతో చనిపోయారన్నదాన్ని బట్టి బిడ్డ చదువుకు ధర కట్టడాన్ని ఏ ప్రభుత్వమూ సమర్థించుకోలేదు.

హిమాచల్‌ప్రదేశ్ ధనిక రాష్ట్రం కాదు. 2023లో సుఖ్ ఆశ్రయ్ చట్టం చేసి అనాథలను రాష్ట్ర బిడ్డలుగా ప్రకటించి, 27 ఏళ్ల దాకా ఉన్నత చదువు ఫీజు, హాస్టల్ ఖర్చు తలకెత్తుకుంది. నెలకు 4,000 చేతి ఖర్చు అక్కడ దానికి అదనం. అక్కడ చట్టం ద్వారా సాధ్యమైంది ఇక్కడ ఒక జీవోతోనైనా ఎందుకు మొదలుపెట్టరు?

మేజర్లయ్యాక ఊరికే డబ్బిస్తే సోమరులవుతారని, దుర్వినియోగమవుతుందని కొందరు అధికారులు అంటారు. ఫీజు, హాస్టల్ బిల్లు నేరుగా కాలేజీకి కట్టి, చేతి ఖర్చు విద్యార్థి ఖాతాలో వేస్తే ఆ భయానికి తావే ఉండదు.

రెండు తెలుగు రాష్ట్రాల మహిళా, శిశు సంక్షేమ శాఖలు ఈ ప్రవేశాలు ముగిసేలోపే ఉత్తర్వులివ్వాలి. సాయం కోర్సు పూర్తయ్యేదాకా సాగాలి. కుటుంబాల్లో పెరిగిన ఫోస్టర్ పిల్లలకూ అదే వర్తించాలి. కాలేజీ, బ్యాంకు, రెవెన్యూ కాగితాలన్నిటిపైనా సంరక్షకుడిగా జిల్లా బాలల పరిరక్షణ అధికారి సంతకం చెల్లాలి. బాలసదనం ధ్రువపత్రం ఉంటే ఆదాయ ధ్రువపత్రం అడగకూడదు. పదేళ్ల షరతు ఎత్తేయాలి. గత ఏడాది జిల్లాకు ఎంతమంది పద్దెనిమిది దాటారో, వారిలో ఎందరు కాలేజీలో ఉన్నారో, ఎందరికి నాలుగు వేలు అందుతున్నాయో శాఖలు పేర్లు లేకుండా లెక్క ప్రకటించాలి. వేదికలెక్కి బాలసదనం పిల్లలతో ఫొటోలు దిగే మంత్రులు, ఆ ఫొటోలోని పిల్లలు ఇప్పుడెక్కడున్నారని తమ కార్యదర్శులను ముందు అడగాలి.