ఇంత పెద్దాడివి, ఇంకా బండేనా?

పిల్లాడు స్ట్రోలర్, అంటే కూర్చోబెట్టి తోసుకెళ్లే పిల్లల బండి, ఎప్పుడు దిగాలి? ఈ ముక్క అడిగితే పిల్లల డాక్టరు "బిడ్డని బట్టి ఉంటుందమ్మా" అని జారుకుంటాడు. తల్లి "ఇంకొన్నాళ్లు చూద్దాం" అంటుంది. తండ్రికి బండి మడతపెట్టడం ఇప్పుడిప్పుడే వచ్చింది కాబట్టి ఆయనకి అస్సలు తొందర లేదు. ఇంతమంది నాన్చిన వ్యవహారాన్ని దారినపోయే దానయ్య ఒక్క చూపుతో తేల్చేస్తాడు. ఎదురొస్తాడు, బండిలోకి తొంగి చూస్తాడు, వేలాడుతున్న కాళ్ల పొడుగు కంటితోనే కొలుస్తాడు, అక్కడికక్కడే తీర్పు చెబుతాడు.

"ఏరా, ఇంత పెద్దాడివి, ఇంకా బండేనా?"

అడిగేది తల్లిని కాదు, గమనించారా. మూడేళ్లవాణ్ణి. తల్లికి వినపడేటంత గట్టిగా. వాడేం చెబుతాడు, నోట్లో బొటనవేలుంది. వేలు తియ్యకుండానే దానయ్యని ఎగాదిగా చూసి ఊరుకుంటాడు. ఆ సంభాషణ మొత్తంలో మర్యాద తెలిసినవాడు వాడొక్కడే అని నా అభిప్రాయం.

దానయ్య విద్వత్తుని తక్కువ చెయ్యకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏం చేసిందో చూడండి, పాపం. ఐదు దేశాల్లో 816 మంది పిల్లల్ని నెలల తరబడి గమనించి, బిడ్డ సొంతంగా నడిచే వయసు 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా ఎక్కడైనా ఉండొచ్చని 2006లో చెప్పింది. తొమ్మిది నెలలు దాటిన తేడా. ఆ సందులో ఇంకో బిడ్డే పుట్టేస్తుంది! అంత పెద్ద సంస్థకి అంత అనుమానం ఉంటే, దానయ్యకి మాత్రం ఆవగింజంత అనుమానం లేదు. ఆ బిడ్డ పొద్దున్నించి ఎంత నడిచిందో, నిద్ర సరిపోయిందో లేదో, ఇల్లు ఇంకెంత దూరముందో, నిన్న రాత్రి జ్వరమొచ్చిందో, ఇవేవీ ఆయనకి అక్కర్లేదు. వివరాలు తెలిస్తే తీర్పు పాడైపోతుంది కదా.

నాకు బాగా నచ్చిన దానయ్య ఒక విమానాశ్రయంలో కనిపించాడు. ఆయన గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి.

పొడుగాటి నడవా. మధ్యలో, నిలబడితే చాలు మనిషిని మోసుకుపోయే బెల్టు. దాని మీద దానయ్య, నిటారుగా, ఒక్క అడుగు కూడా వెయ్యకుండా. పక్కన నాలుగు చక్రాల సూట్‌కేసు. బెల్టుకి ఇవతల, మామూలు నేల మీద, మొగుడూ పెళ్లాలు స్ట్రోలర్ తోసుకుంటూ నడుస్తున్నారు. బండిలో నాలుగేళ్లు ఉండొచ్చనిపించే పిల్లాడు, షూ ఒకటి కాలికి, ఒకటి ఒళ్లో. దానయ్య చూశాడు. చూశాక ఆగగలడా?

"ఏం బాబూ, దేవుడు కాళ్లెందుకిచ్చాడు? నడవడానికే కదా?"

బెల్టు వేగమూ బండి వేగమూ ఇంచుమించు ఒక్కటే కావడంతో ఉపన్యాసానికి ఎక్కడా అంతరాయం కలగలేదు. తన చిన్నతనంలో అందరూ ఎలా నడిచేవారో చెప్పాడు, నిలబడి. కండలు వాడకపోతే ఎలా సన్నబడతాయో చెప్పాడు, బెల్టు గోడ మీద మోచెయ్యి ఆనించి. ఇప్పటి తల్లిదండ్రులు పిల్లల్ని సోమరుల్ని చేస్తున్నారన్నాడు, ఒక చేత్తో సూట్‌కేసుని నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ. నడుస్తున్న ఆ తండ్రికి భుజాన ఒక బ్యాగు, వీపున ఒక బ్యాగు, చెమట. తల్లి ముందుకే చూస్తూ "సరేనండి, సరేనండి" అంటోంది. ఇంతలో బెల్టు అయిపోయింది. వెనక్కి తిరిగి ఉన్నందువల్ల ఆ సంగతి ఆయనకంటే ముందు సూట్‌కేసుకి తెలిసింది. అది దిగి కొంతదూరం సొంతంగా వెళ్లింది. దాన్ని పట్టుకోవడానికి ఆయన వేసిన నాలుగడుగులే ఆ పూట ఆయన నడకగా నేను చూసింది. తర్వాత పక్కనే ఖాళీగా ఉన్న మెట్లని వదిలేసి ఎస్కలేటర్ ఎక్కాడు. పైన బ్యాటరీ బండి కనిపిస్తే చెయ్యెత్తి ఆపాడు. ఎక్కి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, హాయిగా కూర్చున్నాడు.

చరిత్ర కొంచెం తిరగేస్తే ఈయన చక్రాలకి ఎంత ఆలస్యంగా వచ్చిన భక్తుడో తెలుస్తుంది. ఇంగ్లండులో డెవన్‌షైర్ డ్యూక్ అనే జమీందారు గారి పిల్లల కోసం విలియం కెంట్ అనే వాస్తుశిల్పి చక్రాల బండి చేసింది 1733లో. లాగడానికి మేకనో చిన్న గుర్రాన్నో కట్టేవారట. మనుషుల్ని మోసే బెల్టు షికాగో ప్రపంచ ప్రదర్శనలో కనిపించింది 1893లో. సూట్‌కేసుకి చక్రాలు తగిలించి బెర్నార్డ్ సాడో పేటెంటు పొందింది 1972లో. అంటే బిడ్డ బరువని తెలిసిన మానవజాతికి బట్టల పెట్టె బరువని తెలియడానికి 239 ఏళ్లు పట్టింది. పెట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ సిగ్గనిపించలేదు. "ఇంత పెద్ద పెట్టెవి, ఇంకా చక్రాలేనా?" అని ఏ దానయ్యా సూట్‌కేసుని నిలదీయలేదు.

ఓవెన్ మక్లారెన్ అనే పెద్దాయన కూడా ఉన్నాడు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నేల మీద దిగడానికి వాడే చక్రాల అమరికలో పనిచేసిన ఇంజనీరు. రిటైరయ్యాక, మనవరాలి బండితో కూతురు పడే అవస్థ చూశాడు. కూతురికి క్లాసు పీకలేదు. అల్యూమినియం గొట్టాలు తెచ్చుకుని, గొడుగులా మడిచే తేలికపాటి స్ట్రోలర్ తయారుచేసి 1965లో పేటెంటుకి పంపాడు. అలాంటి తాతయ్యలు నూటికో కోటికో ఒకరు. మిగతావాళ్లం దానయ్యతో సరిపెట్టుకోవాలి.

ఇక "నడిస్తే కదా నడక వచ్చేది" అనే వాదన. పిల్లల నడకని పరిశోధించే మనస్తత్వ శాస్త్రవేత్త కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో, 12 నుంచి 19 నెలల పిల్లలు ఆటలో గంటకి సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకి! దానయ్య గంటకి 17 సార్లు పడితే అంబులెన్స్ పిలుస్తాం. పిల్లలు నడవరని ఎవరన్నారు? నడుస్తారు. మీరు వెళ్లాల్సిన వైపు నడవరు, అంతే. చీమ దగ్గరికి నడుస్తారు. చీమ వెళ్లిపోయిన చోటికి మళ్లీ నడుస్తారు. కాలువ మీది ఇనప జాలీ దగ్గర చతికిలబడి, కన్నంలోంచి రాయి వేసి, చప్పుడు విని, ఇంకో రాయి కోసం వెతుకుతారు. అదంతా నడకే, గొప్ప నడకే. కానీ బస్సు ఆగదు కదండీ. బండి ఉన్నది ఆ బస్సు కోసం.

నిజమైన నియమం ఒకటుంది, దానయ్యకి అది తెలియదు. ఐదేళ్లలోపు పిల్లల్ని స్ట్రోలర్లోగానీ కుర్చీలోగానీ ఒక్క విడతలో గంటకి మించి కట్టేసి ఉంచకూడదని, ఏడాది దాటినవాళ్లు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎన్నో ఏట బండి మానాలో అందులో లేదు. పొద్దున్నంతా పార్కులో గెంతి, ఇంటిదారిలో బండెక్కిన నాలుగేళ్లవాడు ఈ లెక్కలో పాసే. ఏడాదిన్నర పిల్లని మూడు గంటలు బెల్టేసి చేతికి ఫోనిచ్చిన పెద్దమనిషి ఫెయిలు. కానీ ఈ రెండోవాళ్లని దానయ్య ఆపడు. చంటిది కదా, బండిలో ముద్దుగా ఉంది.

అలాగని బండి దింపితే ఆయన శాంతిస్తాడా? వాణ్ణి నడిపించండి: "పసివాణ్ణి అలా ఈడ్చుకెళ్తున్నారేంటండీ!" ఎత్తుకోండి: "చంక అలవాటు చేశారా, ఇక అయినట్టే." వాడు నడుస్తుంటే ఖాళీ బండిలో బ్యాగులు పెట్టుకుని తోయండి: "మరి ఈ బండెందుకు?" ఇవన్నీ విని విని ఏ తల్లికైనా టెన్షన్ రాకపోతే ఆశ్చర్యం.

ఇంతవరకూ సరదాకే చెప్పాను. ఇక్కణ్ణుంచి సరదా లేదు.

డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అని ఒక కండరాల జబ్బుంది. ఎక్కువగా మగపిల్లలకి వస్తుంది. రెండు నుంచి ఐదేళ్ల మధ్య బయటపడడం మామూలు. పిల్లాడు తరచూ పడతాడు, మెట్లెక్కలేడు, నేల మీంచి లేవడానికి తన తొడల మీద చేతులు ఆనించుకుని, తనని తానే ఎక్కుతున్నట్టు లేస్తాడు. కండ క్షీణించి ఆ చోట కొవ్వూ పీచూ చేరడం వల్ల పిక్కలు చూడ్డానికి మాత్రం లావుగా, గట్టిగా, ఆటగాడి పిక్కల్లా ఉంటాయి. ఇప్పుడు ఆ పిల్లాడు ఐదో ఏట బండిలో వెళ్తుంటాడు. దానయ్య ఎదురొస్తాడు. చూసేది ఆ పిక్కల్నే. "కాళ్లు ఇంత దిట్టంగా ఉన్నాయి, దిగి నడవరా సోమరీ!"

ఏం చెప్పాలి ఆ తల్లి? నడిరోడ్డు మీద, ముక్కూమొహం తెలియని మనిషికి, బిడ్డ వింటుండగా, వాడి జబ్బు పేరు చెప్పాలా? ఆ జబ్బు ముందుముందు ఏం చేస్తుందో కూడా చెప్పాలా? చెబితే "అయ్యో పాపం" అంటాడు, అది కూడా బిడ్డ వింటుండగానే. గుండె జబ్బున్న పిల్లలున్నారు, పది అడుగులకే ఆయాసం వచ్చేవాళ్లు. ఆటిజం ఉండి, జనం రొదలో బెదిరిపోయి, ఆ బండి పైకప్పు కిందే కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్లున్నారు. చెయ్యి విడిపించుకుని నేరుగా వాహనాల మధ్యకి పరిగెత్తేవాళ్లున్నారు. ఒక్కరి నుదుటి మీదా రాసి ఉండదు. రాసి ఉండాల్సిన అవసరమూ లేదు. నీకెందుకయ్యా? ఆ బండి నువ్వు కొన్నావా, తోస్తున్నావా? అలసిపోయి రోడ్డు మీద కూలబడి ఏడ్చే పిల్లాణ్ణి ఇంటిదాకా మొయ్యడానికి ఏనాడైనా ఒక్క దానయ్య ముందుకొచ్చాడా? సిగ్గు లేదా అని ఐదేళ్లవాణ్ణి అడగడానికి మాత్రం నోరొస్తుంది.

సరే. అంత కుతూహలం ఆపుకోలేనివాళ్లకి ఒక దారి ఉంది. చాలా బండ్ల చట్రానికి ఒక చీటీ అంటించి ఉంటుంది, ఎన్ని కిలోల దాకా మోస్తుందో అందులో ఉంటుంది. యూరప్ ప్రమాణాల్లో మామూలు బండ్లకి 15 కిలోల దాకా ఒక భాగం, పెద్ద పిల్లల బండ్లకి 22 కిలోల దాకా ఇంకో భాగం ఉన్నాయి. సగటు పిల్లలు 22 కిలోలు తూగేది ఆరేడేళ్లకి. అంటే ప్రమాణాలు రాసినవాళ్లు పెద్ద పిల్లలూ బండెక్కుతారని ముందే అనుకున్నారు. చీటీలో అంకె దాటితే, తల పైకప్పుకి తగిలితే, పాదాలు నేలకి రాసుకుంటే ఆ బండి చిన్నదైపోయినట్టే. అది ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. మీరూ చూడాలనుకుంటే అడిగి, వంగి చదువుకోండి. ఆ చీటీ చాలా బండ్లకి వెనక చక్రాల దగ్గర, కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది. మోకాళ్లు పట్టేసి లేవలేకపోతే మొహమాటపడకండి, బండిలో కూర్చోబెట్టి ఆ విమానాశ్రయం బెల్టు దాకా దింపుతారు. 22 కిలోల లోపు ఉంటేనే.