తాతలకు దగ్గులు నేర్పబోయి

కొత్తగా చేరిన పిల్లలకి పాఠం చెప్పడం హాయి. మనం దగ్గినా రాసుకుంటారు. పదిహేనేళ్లుగా కోడ్ రాస్తున్నవాళ్లకి చెప్పడం ఉంది చూశారూ, వాళ్లు పెన్ను కూడా తెచ్చుకోరు. ల్యాప్‌టాప్ మాత్రం తెచ్చుకుంటారు, దాన్ని మూయరు. అదే నా కొంప ముంచింది.

ఓ సాయంత్రం మా మేనేజర్ పిలిచి "మన సీనియర్లకి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో మంచి పద్ధతులు ఓ రెండ్రోజులు చెప్పెయ్" అన్నారు, అదేదో ఫైలు కాపీ చేసినంత తేలిగ్గా. మొత్తం తొమ్మిది మంది. అందులో ముగ్గురు నాకన్నా ముందే ఈ ఫీల్డులోకి వచ్చినవాళ్లు. తాతకు దగ్గులు నేర్పడమే ఇది. కానీ స్లయిడ్లు తయారైపోయాక మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది, నావి 64.

మొదటి గంటలో 1967 నాటి సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాష, ఓస్లోలో డాల్, నీగార్డ్ క్లాసులు (డేటానీ, దాని మీద చేసే పనుల్నీ అంటే మెథడ్లనీ ఒకచోట కట్టిన కోడ్ మూసలు) కనిపెట్టడం, ఇవన్నీ చెప్పాను. ఎవరూ తలెత్తలేదు. తర్వాత లిస్కోవ్ సూత్రానికి వచ్చాను. తల్లి క్లాసు ఉండాల్సిన చోట పిల్ల క్లాసుని పెడితే ప్రోగ్రామ్ తేడా కొట్టకూడదని బార్బరా లిస్కోవ్ 1987లో చెప్పిన సంగతి. దీనికి అందరూ వాడే ఉదాహరణే నేనూ వాడాను. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే కదా అని ఇన్‌హెరిట్ చేశాం, అంటే పిల్ల క్లాసుగా రాశాం, వెడల్పు 5 అని సెట్ చేశాం, ఎత్తు 4 అని సెట్ చేశాం, వైశాల్యం 20 రావాలి, కానీ చతురస్రం తన రెండు భుజాలూ 4 చేసేసుకుని 16 అంటుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, అందరూ ఆశ్చర్యపోవాలని నా ప్లాను.

వెనక నుంచి ఒకాయన "అసలు సెట్టర్లు ఎవడు పెట్టమన్నాడు? ఒకసారి కట్టాక మార్చకుండా వదిలేస్తే గొడవే లేదుగా" అన్నాడు.

అదే జవాబు. నా 31వ స్లయిడు. మేం అప్పటికి పన్నెండులో ఉన్నాం.

అక్కడినుంచి నేనేం చెప్పినా ఒకటే మాట: "డిపెండ్స్." ఇన్‌హెరిటెన్స్ కన్నా కంపోజిషన్, అంటే చిన్న క్లాసుల్ని కలిపి పెద్దది కట్టుకోవడం, మేలు కదా? డిపెండ్స్. సింగిల్‌టన్, అంటే ప్రోగ్రామ్ మొత్తానికి ఒకే ఒక్క ఆబ్జెక్ట్ ఉండే క్లాసు, ఎక్కడపడితే అక్కడ వాడకూడదు కదా? డిపెండ్స్. ఈ మాట నేర్చుకోవడానికే మనిషికి పదిహేనేళ్ల అనుభవం పడుతుందేమోనని నాకు అనుమానం. విసుగొచ్చి "అనుభవం ఉంటే సరిపోదండీ, పద్ధతి ఉండాలి, మధ్యాహ్నం మన కోడ్‌లోంచే చూపిస్తాను" అన్నాను. నోరు జారడమంటే ఇదే.

ఏదో నోటికొచ్చి అనలేదు లెండి, ముందు రాత్రే సిద్ధం చేసుకున్నాను. మా కోడ్‌లో ఆర్డర్ మేనేజర్ అని ఒక క్లాసు ఉంది. పేరులో మేనేజర్ అని ఉందంటేనే అది ఏ పనీ తనది కాదనకుండా అన్నీ నెత్తినేసుకునే రకమని అర్థం (మనుషుల్లో దీనికి సరిగ్గా ఉల్టా). 3,200 లైన్లు. ఆబ్జెక్ట్‌ని కట్టే కన్‌స్ట్రక్టర్‌కి 17 ఆర్గ్యుమెంట్లు, అంటే ఇవ్వాల్సిన విలువలు. ఎవరు రాశారో చూద్దామని గిట్ బ్లేమ్ (ఏ లైను చివరగా ఎవరు మార్చారో చూపించే కమాండ్) కొడితే పైనుంచి కిందదాకా ఒకటే పేరు, రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసి వెళ్లిపోయినతను. ఇంకేం, ఊళ్లో లేనివాడిని ఎన్ని తిట్టినా పర్వాలేదు.

మధ్యాహ్నం తెర మీద పెట్టి చెలరేగిపోయాను. "చూడండి, ప్రాసెస్ అనే మెథడ్. దాన్ని ట్రూ, ఫాల్స్, ట్రూ, నల్ అని పిలుస్తున్నారు. మూడో చోట ఉన్న ఆ ట్రూ ఏంటో ఎవరైనా చెప్పగలరా?" నవ్వులు. "ఇక్కడ 2017 నుంచి ఒక కామెంట్ ఉంది, ఏమనుకున్నారు, తాత్కాలికం అట!" ఇంకా నవ్వులు. ఊపొచ్చి నల్ (ఇక్కడ ఏమీ లేదని చెప్పే ఖాళీ విలువ) మీదికి వెళ్లాను. 1965లో ఆ నల్ రిఫరెన్స్ ప్రవేశపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ అంతటివాడు 2009లో నిండు సభలో అది తన బిలియన్ డాలర్ల పొరపాటని ఒప్పుకున్నాడు, ఈ క్లాసు రాసిన మహానుభావుడు మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు అన్నాను.

అందరూ నవ్వారు, ముందు వరుసలో ఒకావిడ తప్ప. ఆవిడ దించిన తల ఎత్తకుండా ఏదో టైప్ చేస్తున్నారు.

"మీరు బ్లేమ్ మామూలుగా కొట్టారా అండీ?"

"మామూలుగా అంటే?"

"అతను ఇందులో ఒక్క లైనూ రాయలేదండీ. వెళ్లిపోయే ముందు వారం రిపాజిటరీ మొత్తం ట్యాబులు తీసేసి స్పేసులు పెట్టాడు. అందుకని అన్ని లైన్లూ అతని పేరు మీద పడ్డాయి. మైనస్ డబ్ల్యూ పెడితే స్పేసుల మార్పులు లెక్కలోకి రావు." అంటూనే నా ల్యాప్‌టాప్ కేబుల్ పీకి తన దానికి గుచ్చేశారు. తెర మీద ఇప్పుడు నాలుగు పేర్లు. అందులో ముగ్గురు నా ఎదురుగానే కూర్చున్నారు, ఇందాకటిదాకా నవ్విన ముగ్గురూ వాళ్లే. నవ్వు టక్కున ఆగిపోయింది.

"మైనస్ సీ కూడా పెడదాం, లైన్లు వేరే ఫైళ్లలోంచి వచ్చుంటే చెప్తుంది." పెట్టారు. అసలు ఈ క్లాసు మొదలైందే వేరే ఐదు ఫైళ్ల నుంచి వచ్చిన లైన్లతో అని తేలింది. ధర లెక్క ఒకటి, పన్ను ఒకటి, స్టాకు ఒకటి, చక్కగా ఐదు చిన్న క్లాసులు. నేను పొద్దున్నుంచి ఎలా రాయాలని గొంతు చించుకుంటున్నానో అచ్చం అలాగే. అవి ఆవిడ రాసినవే. ఆ ఐదింటినీ ఒక్కదాంట్లో కలిపేసిన మార్పుకి (కమిట్‌కి) మెసేజ్: "రివ్యూ కామెంట్ల ప్రకారం మార్చాను."

బ్లేమ్‌లో ఒక పెద్ద సుగుణం ఉంది, రాసినవాడి పేరే చూపిస్తుంది, రివ్యూ చేసినవాడి పేరు చూపించదు. ఆవిడ అక్కడితో ఆగలేదు. రివ్యూ తెరిచారు.

నా ఫోటో. కింద నా కామెంట్: "ఒక్క ఆర్డర్ లెక్కకి ఐదు ఫైళ్లా? అన్నీ ఒకచోట ఉంటే చదవడానికి బాగుంటుంది, కలిపేద్దాం." పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను. ఆ నవ్వు బొమ్మ తెర మీద అరచెయ్యంత ఉంది.

టోనీ హోర్‌కి ఒప్పుకోవడానికి 44 ఏళ్ల టైమ్ దొరికింది. నాకు నాలుగు సెకన్లు కూడా ఇవ్వలేదు. "అప్పటికి అది మొత్తం కలిపి 180 లైన్లేనండీ, అంత చిన్నదానికి... ఒకచోట పెట్టాలా వద్దా అంటే... అది..."

"డిపెండ్స్!" తొమ్మిది మందీ ఒక్క గొంతుతో.

రెండోరోజు స్లయిడ్లు తెరవనేలేదు. ఆ క్లాసునే విడగొట్టే పని పెట్టుకున్నాం, నిజం చెప్పాలంటే వాళ్లు పెట్టుకున్నారు, నేను పక్కన కూర్చున్నాను. సాయంత్రానికి ఐదూ మళ్లీ బయటికొచ్చాయి. మూడో చోట ఉన్న ఆ ట్రూ దగ్గర మాత్రం రెండు గంటలు పోయింది. అదేంటో రాసినవాళ్లకీ గుర్తులేదు, ఫాల్స్ చేస్తే ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు వెళ్తోంది. చివరికి దానికో పేరు పెట్టి, పైన ఒక కామెంట్ రాసి వదిలేశారు. ఏం రాశారో నేను అడగలేదు.

రాత్రి రివ్యూ నాకే వచ్చింది. శీర్షిక "రెండో ప్రయత్నం". ఐదు ఫైళ్లు, అవే పాత పేర్లు. అప్రూవ్ నొక్కబోతుంటే పైన ఖాళీ డబ్బా ఒకటి, మీ అభిప్రాయం రాయండి అని. కర్సర్ అందులో కాసేపు మినుకుమినుకుమంది. ఏమీ రాయకుండానే నొక్కేశాను.