అన్‌ఇన్‌స్టాల్ వైరాగ్యం

పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పెద్దలు మూడింటితో సరిపెట్టారు. పాపం, వాళ్ల కాలానికి సర్వర్లు లేవు. నాలుగోది అన్‌ఇన్‌స్టాల్ వైరాగ్యం: ఆన్‌లైన్ ఆటతో విసిగి దాన్ని తీసేసిన క్షణాన పుట్టేది. మిగతా మూడింటికన్నా తీవ్రమైనది. ఆటకు కొత్త ఎక్స్‌పాన్షన్ (అదనపు భాగం) ట్రైలర్ వచ్చేదాకా దీన్ని ఎవరూ కదిలించలేరు.

తిరిగి వెళ్లాలా వద్దా అని మథనపడేముందు అసలు వదిలేశారా అన్నది తేలాలి. గేమ్ ఫైళ్లు తీసేసి అకౌంట్ భద్రంగా ఉంచుకున్నవారిని సన్యాసులుగా గుర్తించలేం. వారు సెలవు మీదున్న ఉద్యోగులు. డిస్కార్డ్ చాట్ యాప్‌లో గిల్డ్ (తోటి ఆటగాళ్ల జట్టు) సర్వర్‌ను మ్యూట్ చేసి, బయటికి మాత్రం రాకపోవడం సెలవు చీటీ కిందే లెక్క. ఆడని ఆటకు ప్యాచ్ నోట్స్ (మార్పుల జాబితా) చదివి, తన క్లాస్‌ను (పాత్ర రకాన్ని) నెర్ఫ్ చేశారని, అంటే బలం తగ్గించారని, కుమిలిపోయేవారైతే సగం తిరిగొచ్చేసినట్టే.

ఈ సగం లెక్క కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆటలో ఒక స్కిల్ 99వ లెవెల్‌కు చేరాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. అందులో సగం పూర్తయ్యేది 92వ లెవెల్ దగ్గర. అక్కడ విసిగి ఆపేసినవాడు కొన్నాళ్లకు "ఇంకా ఏడే కదా" అనుకుంటూ వస్తాడు. ఆ ఏడూ అంతకుముందు దాటిన తొంభై పైచిలుకు లెవెళ్లతో సమానం. కాబట్టి లెవెల్ అంకె చూసి నిర్ణయం తీసుకోరాదు. మిగిలిన ఎక్స్‌పీని గంటకు వచ్చే ఎక్స్‌పీతో భాగించాలి. వచ్చిన గంటలు చూశాక వైరాగ్యం దానంతటదే గట్టిపడుతుంది.

మన అలసట నిర్మాతలకు తెలియదనుకోవడం అమాయకత్వం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో విడుదల కాకముందు, బీటా (ముందస్తు పరీక్ష) దశలో, ఎక్కువసేపు ఆడేవారికి ఎక్స్‌పీ సగానికి తగ్గేది. ఆటగాళ్లు మండిపడ్డారు. నిర్మాతలు పద్ధతి అలాగే ఉంచి పేర్లు మార్చారు: ఆ సగాన్ని 'మామూలు' అన్నారు, పాత మామూలును 'విశ్రాంతికి రెట్టింపు బోనస్' అన్నారు. జనం శాంతించారు. అయితే ఏడాది విశ్రాంతి తీసుకున్నవారు ఏడాది బోనస్ ఆశించకూడదు. ఆటలోని సత్రంలో పడుకున్న క్యారెక్టర్‌కు బోనస్ ఒకటిన్నర లెవెల్ దగ్గర ఆగిపోతుంది, పది రోజుల్లో నిండిపోతుంది. పదకొండో రోజు నుంచి మీ వైరాగ్యానికి ఆట తరఫున ఎలాంటి గుర్తింపూ లేదు.

ఫైనల్ ఫాంటసీ 14 వ్యవహారం ఇంకా సున్నితం. విసుగొస్తే వేరే ఆటలు ఆడుకోండి, నచ్చినప్పుడు రండి అని దాని దర్శకుడు నావోకి యోషిదా బహిరంగంగానే చెప్పాడు. ఉదారమైన మాట. ఆటలో సొంతిల్లు ఉన్నవారు మాత్రం దాన్ని నమ్ముకోరాదు: 45 రోజులు గుమ్మంలో అడుగుపెట్టకపోతే ఇల్లు కూల్చేస్తారు. అందుకని కేవలం గడప దాటి వెనక్కి రావడానికి నెలనెలా చందా కట్టే గృహస్థులున్నారు. వీరు ఆట మానేశారో లేదో తేల్చడం శాస్త్రాలకు అందని పని.

అసలు విసిగించింది ఏమిటో పట్టుకోకుండా తిరిగి వెళ్తే నెలలోపు మళ్లీ ఇదే వైరాగ్యం. బాస్‌తో (ఆటలోని పెద్ద శత్రువుతో) పోరాటం విసిగించడం అరుదు. విసిగించేది హాజరు పట్టీ. గెన్షిన్ ఇంపాక్ట్‌లో బహుమతులు అందుకోవడానికి ఖర్చుపెట్టే రెసిన్ అనే శక్తి 8 నిమిషాలకొకటి చొప్పున పుడుతుంది, 200 దగ్గర ఆగుతుంది. అంటే నిండడానికి 26 గంటల 40 నిమిషాలు. రోజూ ఒకే వేళకు వచ్చి ఖర్చుపెట్టేవాడికి ఏదీ వృథా కాదు, రెండు గంటల నలభై నిమిషాల ఆలస్యాన్ని కూడా మన్నిస్తారు. ఇంత దయగల యజమాని దగ్గర రాజీనామా చేయడం కష్టమే. పరీక్ష ఏమిటంటే, మొదటి వారం రెసిన్ కావాలనే వృథాగా పోనివ్వాలి. అది చూసి చెయ్యి వణికితే మీకు కావలసింది ఆట కాదు, ఖాళీ చేయాల్సిన గిన్నె.

వెళ్లడానికే నిశ్చయించుకున్నవారికి కొన్ని సాంకేతిక సూచనలు. పాత క్యారెక్టర్‌తో మొదటిరోజే దిగకండి. 2020లో వార్‌క్రాఫ్ట్ లెవెళ్లను కుదించినప్పుడు 120వ లెవెల్ వీరులు నిద్రలేచి 50లో ఉన్నారు. స్కిల్ బార్‌లో సగం బటన్లు ఏం చేస్తాయో గుర్తుండవు. బ్యాగు నిండా ఏ కాలపు నాణేలో తెలియనివి, అమ్మడానికి భయం, ఉంచడానికి చోటు లేదు. యాడాన్లన్నీ (ఆటకు తగిలించుకున్న అదనపు ప్రోగ్రాములు) ఆపేసి, కొత్త క్యారెక్టర్ ఒకటి మొదలుపెట్టి, పదో లెవెల్ దాకా సరదాగా ఉందో లేదో చూడాలి. లేకపోతే ఖర్చు అక్కడితో ఆగుతుంది.

చందా ఒక్క నెలకే కట్టాలి, కట్టిన రోజే ఆటో రెన్యూవల్ రద్దు చేయాలి. సాధారణంగా కట్టిన నెల పూర్తిగా ఆడుకోనిస్తారు. ఆరు నెలల చందాకు ఉచితంగా గుర్రమిస్తామంటే ఆ గుర్రం మీద మీకన్నా నిర్మాతకే నమ్మకం ఎక్కువని గ్రహించాలి. బ్యాటిల్ పాస్ (ఆడి మెట్లు దాటేకొద్దీ బహుమతులిచ్చే టికెట్) సీజన్ చివరి వారంలో కొనాలి. చాలా ఆటల్లో అప్పటికి దాటిన మెట్ల బహుమతులన్నీ ఒక్కసారే చేతికొస్తాయి. మొదటిరోజే కొంటే మీరు కొన్నది పాస్ కాదు, డ్యూటీ చార్టు.

ఇవన్నీ పాటించినా గిల్డ్ అనే గండం మిగిలే ఉంటుంది. లాగిన్ అయిన నిమిషంలోపే "అన్నా, వచ్చావా! ఎన్నాళ్లకెన్నాళ్లకు!" అని ఒక మెసేజ్ వస్తుంది. కళ్లు చెమర్చేలోపే రెండోది, జట్టుగా చేసే పెద్ద పోరాటానికి పిలుపు: "రేపు తొమ్మిదింటికి రైడ్, హీలర్ తక్కువయ్యాడు." హీలింగ్ (జట్టువాళ్ల గాయాలు మాన్పడం) మర్చిపోయానంటే నేర్పిస్తామంటారు. హీలర్ క్యారెక్టర్ డిలీట్ చేసేశానని చెప్పడం మేలు. కాకపోతే అది నిజంగా గిల్డ్‌లో ఉండకుండా ముందే తీసేయండి, ఎందుకంటే రోస్టర్ (సభ్యుల జాబితా) తెరిస్తే పేరు, క్లాసు, చివరిసారి ఎప్పుడు వచ్చిందీ అందరికీ కనిపిస్తాయి.